గాలిని నలిపితే పుట్టే నిప్పు

సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా నాందేడ్ వైపు పోయే రోడ్డు ఇప్పుడు 161 నంబరు జాతీయ రహదారి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో సరుకు దింపి మహారాష్ట్రకు తిరిగిపోయే లారీలు, జిన్నింగ్ మిల్లులకు పత్తి తెచ్చే బండ్లు, చెరకు లోడ్లు రాత్రిపూట ఈ దారి పక్కనే ఆగుతాయి. జనవరి తెల్లవారుజామున అక్కడ ఒక చప్పుడు తరచూ వినపడుతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. మళ్లీ తిరుగుతుంది, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా. నాలుగోసారికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. తోయడానికి మనుషుల్ని వెతుక్కోవడం, ఎవరో ఒకరు ‘డీజిల్ పంపు పోయింది, దించాల్సిందే’ అని తేల్చేయడం ఆ తర్వాత జరిగే తంతు. పంపు దింపితే డ్రైవరుకు ఒకటి రెండు రోజుల కిరాయి పోతుంది. ఆ పంపులో ఏ లోపమూ లేదని తర్వాత తెలిస్తే ఆ డబ్బు తిరిగిరాదు.

పొద్దున్నే మొండికేసే డీజిల్ ఇంజన్‌ను చూడాల్సిన పద్ధతి దాని పుట్టుకలోనే ఉంది. పెట్రోలు ఇంజన్‌లో నిప్పు పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది లేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ పైకొచ్చి నలిపేస్తుంది. నలిగిన గాలి ఎంత వేడెక్కుతుందంటే, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు భాగం వేడెక్కడం పట్టి చూసినవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. కాబట్టి స్టార్ట్ కాని డీజిల్ ఇంజన్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లోపల వేడి పుడుతోందా?

రుడాల్ఫ్ డీజిల్ కూడా ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాడు. 1858లో పారిస్‌లో జర్మన్ తల్లిదండ్రులకు పుట్టిన ఈయన మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండే దగ్గర చదువుకున్నాడు. ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా పనిగా మార్చలేకపోతున్నాయని ఆ పాఠాల్లో విన్నాడు. మిగిలిన తొమ్మిది వంతులూ ఎటు పోతున్నాయన్న ఆలోచన ఆయన్ను జీవితాంతం వదల్లేదు. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ కార్ఖానాలో మొదటి ఇంజన్‌ను పరీక్షిస్తే లోపల పేలుడు జరిగి కొలత పరికరం బద్దలైంది. ఇంజన్ తన శక్తితో తాను తిరగలేదు. కానీ నలిపిన గాలిలో ఇంధనం దానికదే అంటుకుంటుందని ఆ రోజే రుజువైంది. 1894 ఫిబ్రవరిలో ఇంజన్ ఒక నిమిషం పాటు తన కాళ్లమీద తాను తిరిగింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ సమక్షంలో సుమారు 20 హార్స్‌పవర్ ఇంజన్‌ను కొలిస్తే, ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారింది. అప్పట్లో ఏ యంత్రానికీ అందని అంకె అది.

ఆ ఇంజన్ మనిషిని మించిన ఎత్తు, టన్నుల బరువు. ఇంధనాన్ని లోపలికి ఊదడానికి దానికి విడిగా ఒక పెద్ద కంప్రెసర్ కావాలి. స్టార్ట్ చేయడానికి సీసాలో నింపిన గాలిని సిలిండరులోకి వదిలి పిస్టన్‌ను తోయాలి. ఆ పద్ధతి ఇంకా బతికే ఉంది. పెద్ద ఓడల ఇంజన్లు ఇప్పటికీ గాలితోనే లేస్తాయి. జోగిపేటకు అంత దూరం కాని ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి 1984లో పునాది పడింది. అక్కడ తయారయ్యే శరత్ అనే సాయుధ వాహనం రష్యన్ బీఎంపీ-2 నమూనా. దాని డీజిల్ ఇంజన్‌ను కూడా గాలి సీసాతో లేపవచ్చు. యుద్ధభూమిలో బ్యాటరీ చచ్చిపోయినా ఇంజన్ లేవాలన్న ముందుచూపు అది. ఆ సౌకర్యం లేని లారీకి బ్యాటరీయే గతి.

జోగిపేట చలి సంగతి కొంచెం లెక్కగా చూద్దాం. ఇదే జిల్లాలోని కోహీర్ పేరు శీతాకాలంలో రాష్ట్రపు అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో వస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల గాలిని పదిహేడో వంతుకు నలిపితే, గాలి ఎటూ కారకుండా ఉంటే, అది సుమారు 540 డిగ్రీలకు చేరుతుంది. తెల్లవారుజామున 8 డిగ్రీల గాలిని అలాగే నలిపితే సుమారు 480 దగ్గరే ఆగుతుంది. బయట 22 డిగ్రీలు తగ్గితే లోపల దాదాపు 60 తగ్గాయన్నమాట. ఇది కూడా ఇంజన్ మంచి స్థితిలో, వేగంగా తిరిగినప్పటి లెక్క. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే నలిగిన గాలి తన వేడిని చల్లటి ఇనుముకు ఇచ్చేసుకుంటుంది. రింగులు అరిగి ఉంటే ఆ సందుల్లోంచి గాలే జారిపోతుంది. రెండూ కలిస్తే వేడి 300 డిగ్రీల దరిదాపులకు పడిపోవచ్చు.

డీజిల్ 250 డిగ్రీల లోపే అంటుకుంటుందని పుస్తకాల్లో ఉంటుంది. మరి 300 ఎందుకు చాలవు? తీరిగ్గా కూర్చుంటే చాలుతాయి. ఇంజన్‌లో తీరిక లేదు. చిమ్మిన చుక్క ఆవిరై, గాలితో కలిసి, రాజుకోవడానికి పిస్టన్ పైనున్న కొద్ది మిల్లీసెకన్లే దక్కుతాయి. గాలి చల్లగా ఉన్నకొద్దీ రాజుకోవడం ఆలస్యమవుతుంది. ఈలోగా పిస్టన్ కిందికి దిగిపోతుంది, గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, కాలని డీజిల్ ఆవిరి తెల్లటి పొగై సైలెన్సరులోంచి బయటికొస్తుంది. ఆ తెల్లపొగను చూడటం తెలిస్తే సగం రోగం తెలిసినట్టే.

రుడాల్ఫ్ డీజిల్ చేసిన అంత పెద్ద యంత్రం లారీ ముక్కులో ఇమడటానికి రెండు మార్పులు కావలసి వచ్చాయి. 1909లో బెంజ్ కంపెనీలో ప్రాస్పర్ లోరాంజ్ అనే ఇంజనీరు, ముందు ఒక చిన్న గదిలో మంట పుట్టించి దాన్ని సిలిండరులోకి పంపే ప్రీ-చాంబర్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ చిన్న ఇంధన పంపును పెద్ద సంఖ్యలో తయారు చేయడం మొదలుపెట్టింది. కంప్రెసర్ అవసరం తీరిపోయింది. రుడాల్ఫ్ డీజిల్ ఆ రోజులు చూడలేదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండుకు పోయే డ్రెస్డెన్ అనే ఓడ మీంచి ఆయన మాయమయ్యాడు.

మన దేశంలో 1951లో ఇంధన పంపులు చేసే మైకో కంపెనీ మొదలైంది, 1954లో టాటాలు డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకున్నారు. ముక్కు మీద మూడు కోణాల నక్షత్రంతో వచ్చిన ఆ తొలి లారీల ఇంజన్‌లో ప్రీ-చాంబర్ ఉండేది. గదుల గోడలు చల్లగా ఉంటే వేడి మింగేస్తాయి కాబట్టి హీటర్ ప్లగ్ ఎర్రబడేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. తర్వాత సిలిండరులోకే నేరుగా డీజిల్ చిమ్మే ఇంజన్లు వచ్చాక మన ఎండలకు హీటర్ అవసరం చాలావరకు పోయింది. ఈ జిల్లాకే చెందిన ముచ్చట ఇంకొకటి ఉంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ 1980లలో జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి తేలికపాటి లారీలు చేసింది. 1989లో ఆ లారీల కంపెనీని మహీంద్రా తీసుకుంది. ఆ బండ్లు ఇప్పుడు రోడ్డుమీద అరుదు.

ఇక లారీ దగ్గరికి వద్దాం. మంచి మెకానిక్ వచ్చీరాగానే పానా తీయడు. ‘సెల్ఫ్ కొట్టు అన్నా, పొగ ఎట్ల వస్తుందో చూద్దాం’ అని సైలెన్సరు దగ్గరికి పోతాడు. నా దృష్టిలో ఆ నాలుగు అడుగులే అసలు చదువు.

పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండరుదాకా చేరడం లేదు. అప్పుడు కంప్రెషన్ గురించి ఆలోచించడం దండగ. ట్యాంకులో నూనె ఉందా, ఆపే కేబుల్ లాగిన చోటే ఇరుక్కుపోయిందా, కరెంటుతో పనిచేసే కటాఫ్ సొలెనాయిడ్ తెరుచుకుంటోందా, ఫిల్టరు మూసుకుపోయిందా అన్నవి ముందు చూడాలి. తెల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ వస్తోంది, వేడి చాలడం లేదు. నల్లపొగ అయితే గాలి తక్కువ. పత్తి దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరో, మూసుకుని బిగుసుకుపోయిన ఎగ్జాస్ట్ బ్రేకో కారణం కావచ్చు. స్టార్ట్ అయ్యాక కొంతసేపు నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, రింగులవైపో వాల్వు గైడ్లవైపో చూడాలి.

తెల్లపొగ చూడగానే ఇంజన్ బోరుకొచ్చిందని భయపడే ఓనర్లు చాలామంది. అంతకుముందు చూడాల్సింది సెల్ఫ్ వేగం. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు 25 చూపించే బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 18 కిందికి పడిపోతే అది పనికిరాదు. అంతకన్నా ఎక్కువసార్లు మోసం చేసేది ఎర్త్ వైరు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి ఇంజన్ బ్లాక్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు మించి చూపిస్తే తుప్పుపట్టిన ఆ ఒక్క జాయింటే ఇంజన్ నోరు నొక్కుతోంది. గీకి బిగిస్తే పోయేదానికి పంపు దించిన సందర్భాలు ఈ రోడ్డుమీదే కాదు, విజయవాడ ఆటోనగర్‌లోనైనా కనబడతాయి. చలిలో ఇంజన్ ఆయిల్ కూడా చిక్కబడుతుంది. కంపెనీ చెప్పినదానికన్నా చిక్కటి ఆయిల్ పోసి ఉంటే సెల్ఫ్‌కు అదొక అదనపు బరువు.

పొద్దున ఒక్కసారే సతాయించి, రోజంతా బాగా స్టార్ట్ అయ్యే బండిలో ఎక్కువగా కనబడే దోషం గాలి పట్టడం. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు లోపల ఒత్తిడి బయటికన్నా తక్కువ. అక్కడ చిన్న పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. అందుకే కింద తడి కనపడక ఎవరికీ అనుమానం రాదు. రాత్రంతా ఆగి ఉంటే ఆ గాలి వెనక డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. చేతి పంపు కొట్టి, ఫిల్టరు మీద బోల్టు వదులుచేసి నురగ పోయేదాకా గాలి తీస్తే బండి లేస్తుంది. అయితే రోజూ చేతిపంపు కొట్టడం వైద్యం కాదు. ఆ పైపులో ఒక ముక్క పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా వేసి చూస్తే బుడగలు కనపడతాయి. పైపును జాయింటు జాయింటుగా ట్యాంకు వైపు వెతుక్కుంటూ పోతే అసలు పగులు దొరుకుతుంది. రెండు రూపాయల వాషరుతో నయమయ్యే ఈ జబ్బుకు కొత్త నాజిళ్లు కొన్నవాళ్లను తలుచుకుంటే బాధ కలుగుతుంది.

దీనికి తిరగబడ్డ రోగం ఇంకొకటుంది. పొద్దున హాయిగా లేచి, దాబా దగ్గర పావుగంట ఆపాక వేడిమీద లేవని బండి. అప్పుడు వేడికి లోటు లేదు. వేడెక్కి పలచబడ్డ డీజిల్, అరిగిన పంపు ప్లంజరు పక్కనుంచి జారిపోతోంది. సెల్ఫ్ వేగంలో ఒత్తిడి నిలవడం లేదు. పంపు దించాల్సిన కేసు ఇదీ. చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా అని అడగకుండా పంపు మీద చెయ్యి వేయకూడదు.

ఫిల్టరు పెట్టెలోకి ఈథర్ స్ప్రే కొట్టి ఇంజన్ లేపే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఈథర్ 160 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. అంటే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలి దాన్ని వెనక్కి తన్నుతుంది. రింగులు విరగవచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. హీటర్ ఉన్న ఇంజన్‌లో అయితే గాలి గొట్టంలోనే మంట లేస్తుంది. వేడి తక్కువై కష్టపడుతున్న ఇంజన్‌కు ఉన్న కంప్రెషన్‌ను కూడా ఇది తినేస్తుంది. మరుసటి నెలకు స్ప్రే లేనిదే బండి లేవదు. అంతగా చలి ఉండే చోట సమస్య డీజిల్‌తోనే మొదలవుతుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీలదాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. మన దగ్గర అలాంటి అవసరం లేదు, స్ప్రే అవసరమూ లేదు.

కొత్త లారీల్లో పరీక్ష తీరు మారింది. 1995లో జపాన్‌లో హినో లారీ మీద డెన్సో తెచ్చిన కామన్ రైల్ పద్ధతి, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన వచ్చేసరికి మన లారీల్లో దాదాపు అంతటా పరుచుకుంది. ఇందులో ఒకే గొట్టంలో డీజిల్‌ను అధిక ఒత్తిడితో నిలవ ఉంచి, కంప్యూటర్ ఆజ్ఞతో ఇంజెక్టర్లు తెరుస్తారు. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ గొట్టంలో కనీసం 200 నుంచి 300 బార్ల ఒత్తిడి రాకపోతే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. అప్పుడు సెల్ఫ్ వేగంగా తిరిగినా, కంప్రెషన్ బాగున్నా పొగ రాదు. ఒత్తిడి ఎక్కడ జారిపోతోందో తెలుసుకోవడానికి ఒక్కో ఇంజెక్టర్ తిరిగి పంపే డీజిల్‌ను ఒక్కో సీసాలో పట్టి పోల్చాలి. ఒక సీసా మిగతావాటికన్నా బాగా నిండితే దొంగ దొరికినట్టే. పాత బండ్లలో చేసినట్టు పైపు నట్టు వదులుచేసి చూడటం ఇక్కడ ప్రాణాంతకం. ఇంజన్ నడుస్తుండగా ఆ గొట్టంలో 1,600 బార్లకు మించి కూడా ఒత్తిడి ఉండవచ్చు. సన్నటి ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, గాయం చిన్నదిగా కనపడినా వెంటనే ఆపరేషన్ కావాలి.

స్కానరు చూపించే కోడ్‌ను కూడా పొగతో కలిపే చదవాలి. రైల్‌లో, అంటే ఆ గొట్టంలో, ఒత్తిడి తక్కువ అని కోడ్ వచ్చిందనుకోండి. పంపు అరిగినా అదే కోడ్, ఫిల్టరులో నీళ్లు చేరినా అదే కోడ్, పైపులో గాలి దూరినా, ఇంజెక్టర్ కారినా అదే కోడ్. వీటిని విడదీసి చెప్పేది డ్రైవరే. రాత్రి ఎన్ని గంటలు ఆగింది, సెల్ఫ్ ఎంతసేపు కొట్టాక అందుకుంది, పొగ ఏ రంగు, చేతిపంపు ఎన్నిసార్లు కొడితే గట్టిపడింది, చివరిగా డీజిల్ ఎక్కడ పోయించారు. ఈ అయిదు సంగతులూ బండి బయల్దేరకముందే కాగితం మీద రాసి క్యాబిన్‌లో పెట్టుకునే డ్రైవరుకు, నాందేడ్ దారిలో ఏ ఊళ్లో ఆగినా, ఏ మెకానిక్ దగ్గరికి పోయినా, పని ఫిల్టరు దగ్గరే తేలిపోయే అవకాశం ఎక్కువ.