బరువు తగ్గే మందు వాడుతున్నారా? బీపీ డాక్టరుకు చెప్పండి

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాక, బరువు తగ్గే మందుల మాట మన సంఘాల్లోనూ వినబడుతోంది. వాడేవారిలో చాలామంది ఆ సంగతి బయటికి చెప్పరు. నోరు కట్టుకోలేక మందుకు దిగారని నలుగురూ అనుకుంటారేమోనని బిడియం. స్థూలకాయానికి వైద్యం చేయించుకోవడం సిగ్గుపడే విషయం కాదని మేము నమ్ముతున్నాం. ఎవరికి చెప్పకపోయినా, బీపీ చూసే డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి.

వెగోవీలోని సెమాగ్లూటైడ్, మౌంజారోలోని టిర్జెపటైడ్ ఆకలిని తగ్గిస్తాయి. బరువు దిగేకొద్దీ బీపీ కూడా కొంత దిగుతుంది. పెద్ద పరిశోధనల్లో పై అంకె సగటున 6, 7 పాయింట్లు తగ్గింది. మంచిదే. కానీ ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకునేవారికి పాత మోతాదు ఎక్కువైపోవచ్చు. కూర్చున్నవారు లేవగానే కళ్లు తిరుగుతాయి, తూలిపడతారు. మోతాదు పెంచే రోజుల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి బీపీ ఇంకా పడిపోతుంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్ర కూడా వేసుకుంటుంటే మూత్రపిండాలకూ ముప్పే.

ఉపవాస ప్రార్థనల్లో ఉండేవారు ఇది మరీ గమనించాలి. ఇంజెక్షన్ వల్ల ముందే తిండి తగ్గి ఉంటుంది. దానిపై నీళ్లు కూడా ముట్టకుండా రోజంతా గడిపి, సాయంకాలం ఆరాధనలో చాలాసేపు నిలబడితే సొమ్మసిల్లే ప్రమాదం ఉంది. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారైతే డాక్టరును అడగకుండా ఉపవాసం మొదలుపెట్టకూడదు.

అన్ని మందులూ బీపీని తగ్గించవు. ఆకలి చంపే ఫెంటర్మిన్ వంటి మాత్రలు గుండె వేగాన్ని, బీపీని పెంచగలవు. సిబుట్రమిన్ అనే మందు గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు. 2011లో మన దేశంలోనూ నిషేధించారు. అయినా, మూలికల మందులని పేరు పెట్టి అమ్మే సన్నబడే మాత్రల్లో ఇదే కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదే పదే బయటపెట్టింది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చే పొడులూ టీలూ తెలిసినవారే అమ్ముతున్నా కొనకండి.

ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఇంట్లో బీపీ చూసుకుని రాసిపెట్టుకోండి. ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చున్నాకే చూడాలి. అంకెలు తగ్గాయని బీపీ మాత్ర మీ అంతట మీరే మానకండి. తగ్గించాలో ఆపాలో డాక్టరు చెబుతారు. 90/60 కన్నా తక్కువ చూపినా, కళ్లు తిరుగుతున్నా ఆ రోజే ఫోన్ చేయండి.