కట్టేవారు ఒకరు, పరీక్షించేవారు మరొకరు

కాంక్రీట్ పోసిన మర్నాటికే స్లాబ్ మీద నడవవచ్చు. పైనుంచి చూస్తే అంతా గట్టిగానే ఉంటుంది. కానీ అందులో నీళ్లు ఎక్కువయ్యాయా, ఇనుప చువ్వలకూ బయటి తలానికీ మధ్య తగినంత మందం వదిలారా అన్నది ఇక కంటికి కనిపించదు. ఇలాంటి లోపాలను భవనం ఏళ్ల తరబడి దాచుకోగలదు. అందుకే నిర్మాణం సాగుతున్నప్పుడే, దానితో లాభనష్టాలు లేని మూడో పక్షం చేత నాణ్యతను పరీక్షింపజేసే పద్ధతి వచ్చింది.

క్యూబ్ ఏం చెబుతుంది?

మన దేశంలో కాంక్రీట్ పనులకు ప్రామాణికం ఐఎస్ 456. 2000 నాటి ఈ ప్రమాణం ప్రకారం, పోస్తున్న కాంక్రీట్‌లోంచే కొంత తీసి 15 సెంటీమీటర్ల భుజం గల ఘనాకార అచ్చుల్లో నింపాలి. ఈ క్యూబులను నీటిలో ఉంచి, 28వ రోజున యంత్రంలో నొక్కి పగలగొడతారు. సిమెంట్, నీరు కలిసి జరిగే రసాయన చర్య నెమ్మదిగా సాగుతుంది కాబట్టే అన్ని రోజులు ఆగాలి. ఎం25 కాంక్రీట్ అంటే అప్పటికి చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలని అర్థం. ఒక విడతలో 16 నుంచి 30 ఘనపు మీటర్లు పోస్తే కనీసం 3 నమూనాలు తీయాలి. ఒక్కో నమూనాకు 3 క్యూబులు.

అయితే క్యూబ్ చెప్పేది అచ్చులోకి వెళ్లిన కాంక్రీట్ గురించే. శ్రద్ధగా కలిపిన మిశ్రమాన్ని క్యూబులకు వాడి, పిల్లర్లలోకి పోసేటప్పుడు సులువుగా జారాలని అదనంగా నీళ్లు కలిపితే ఆ తేడా నివేదికలో కనిపించదు. ఏ బండి నుంచి, ఎప్పుడు నమూనా తీయాలో కాంట్రాక్టరే నిర్ణయిస్తే పరీక్షకు విలువ ఉండదు.

అంకెలే పట్టిస్తాయి

ఎంత జాగ్రత్తగా కలిపినా కాంక్రీట్ బలం ఒక్కో విడతకు ఒక్కోలా ఉంటుంది. కంకర తడి మారుతుంది, ఎండ మారుతుంది. అందుకే ఎం25కు ప్రామాణిక విచలనం 4గా తీసుకుని, సగటు బలం 31.6 న్యూటన్లు వచ్చేలా మిశ్రమాన్ని రూపొందిస్తారు. అప్పుడే నూటికి 5కు మించి ఫలితాలు 25 కంటే తగ్గవు. కాబట్టి నెలల తరబడి ప్రతి ఫలితమూ 25.5, 26 మధ్యే వస్తుంటే అనుభవం ఉన్న తనిఖీదారు సంతోషించడు, అనుమానిస్తాడు. నిజమైన కొలతల్లో హెచ్చుతగ్గులు ఉండి తీరాలి.

గట్టిపడ్డాక కూడా పరీక్షలున్నాయి. రీబౌండ్ హ్యామర్ పైపొర గట్టిదనాన్ని అంచనా వేస్తుంది. అల్ట్రాసోనిక్ తరంగాలు లోపలి గుల్లతనాన్ని చెబుతాయి. వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీట్ చాలా దట్టంగా ఉన్నట్టు. సందేహం తీరకపోతే కనీసం 3 చోట్ల స్తంభాకారపు ముక్కలు కోసి తీస్తారు. వాటి సగటు బలం, ఆ గ్రేడుకు ఉండాల్సిన క్యూబ్ బలంలో 85 శాతం ఉండాలి. ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

ఆలస్యంగా తెలిసిన సత్యం

2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లోని ఒక బహుళ అంతస్తుల నివాస భవనంలో ఆరో అంతస్తు నేల కూలి, కింది కప్పులనూ వెంట తీసుకుపోయింది. ఇద్దరు మరణించారు. ఆ తర్వాత పరిశీలించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు కాంక్రీట్‌లో క్లోరైడ్లు ఎక్కువగా ఉన్నాయని, చువ్వలు తుప్పు పట్టాయని తేల్చారు.

మంచి కాంక్రీట్‌కు ఉండే క్షార గుణం వల్ల చువ్వల మీద పల్చటి రక్షణ పొర ఏర్పడుతుంది. క్లోరైడ్లు దాన్ని ఛేదిస్తాయి. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాంతో కాంక్రీట్ పగిలి పెచ్చులూడుతుంది. ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. ఘనపు మీటరు కాంక్రీట్‌లో క్లోరైడ్ 0.6 కిలోలు మించరాదని, కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదని ఐఎస్ 456లోనే ఉంది. ఇళ్లలో జనం చేరాక కాక, కాంక్రీట్ పోయకముందే ఎవరో ఒకరు నీటిని పరీక్షించి ఉండాల్సింది.

స్వతంత్రత అంటే

ప్రయోగశాల సామర్థ్యానికి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఒక ఆధారం. అయితే స్వతంత్రత వేరే విషయం. తనిఖీ సంస్థలకు వర్తించే ఐఎస్ఓ 17020 ప్రమాణం, తాము తనిఖీ చేసే పనితో ఏ సంబంధమూ లేని సంస్థలను ‘ఎ’ రకంగా వేరు చేస్తుంది. ఆచరణలో చూడాల్సినవి మూడు: తనిఖీదారుకు జీతం ఎవరిస్తున్నారు, నివేదిక నేరుగా ఎవరికి అందుతుంది, కాంక్రీట్ పోయకుండా ఆపే అధికారం ఉందా. చువ్వలు కట్టాక, కాంక్రీట్ పోసేలోపు ఉండే కొద్ది గంటలే వాటి సంఖ్యనూ, సైజునూ, కవర్ బ్లాకులనూ చూడగలిగిన సమయం. ఆ తర్వాత అన్నీ మూసుకుపోతాయి.

2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించాక 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం కనిపించి, ఆ సంగతి తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ తుప్పు ఆ గడువు కోసం ఆగదు, అది దాటాక కూడా బయటపడవచ్చు. అందుకే ఫ్లాటు కొనేవారు టైల్స్, రంగులు చూసేముందు బిల్డర్‌ను ఒక్కటి అడగాలి: క్యూబ్ పరీక్షల నివేదికలు ఉన్నాయా, ఆ నమూనాలు తీసింది ఎవరు?