ఒకే మందిరంలో ఎనిమిది కళామార్గాలు: వెనిస్‌లో గాంధీజీ 150వ జయంతి ప్రదర్శన

జాతీయ నాయకుల జయంతి ఉత్సవాలనగానే నిలువెత్తు చిత్రపటాలు, విగ్రహాలు, ఛాయాచిత్ర ప్రదర్శనలు ఏర్పాటు చేయడం పరిపాటి. మహాత్మా గాంధీ 150వ జయంతిని పురస్కరించుకొని భారత ప్రభుత్వం 2019లో ఇటలీలోని వెనిస్ నగరంలో ఏర్పాటు చేసిన కళా ప్రదర్శన ఇందుకు భిన్నమైనది. చిత్రలేఖనం, శిల్పం, ఛాయాచిత్రం, వెదురు బెత్తాల అల్లిక, పొగమంచుపై కాంతి ప్రసారం వంటి వేర్వేరు మార్గాలలో పనిచేసిన ఎనిమిది మంది కళాకారుల కృతులు అందులో ఒకే కప్పు కింద చోటుచేసుకున్నాయి. ప్రభుత్వ నిధులతో జరిగే స్మారక కార్యక్రమంలో కళాకారులకు ఎంతవరకు స్వేచ్ఛ ఉండగలదన్న ప్రశ్నకు ఈ ప్రదర్శన ఆచరణలో ఒక సమాధానం చూపింది.

1895లో ప్రారంభమైన వెనిస్ బియన్నాలే ప్రపంచంలోని ద్వైవార్షిక కళా ప్రదర్శనలలో అతి పురాతనమైనది. ఇందులో ప్రధాన ప్రదర్శనతోపాటు ఆయా దేశాలు తమ తమ జాతీయ మందిరాలను విడిగా నిర్వహించుకుంటాయి. అనేక దేశాలకు అక్కడ శాశ్వత భవనాలు ఉన్నాయి. భారతదేశానికి అటువంటి భవనం లేనందున పాల్గొన్న ప్రతిసారీ స్థలం సమకూర్చుకోవలసి వచ్చింది. 2011లో లలిత కళా అకాడమీ ఆధ్వర్యంలో, శ్రీ రంజిత్ హోస్కోటే క్యూరేటర్‌గా మొదటి భారత జాతీయ మందిరం ఏర్పాటయింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళకు గాని రెండవది సాధ్యపడలేదు. 2019 మే 11 నుండి నవంబరు 24 వరకు జరిగిన 58వ బియన్నాలేలో, ఒకనాటి నౌకా నిర్మాణ కేంద్రమైన ఆర్సెనాలే ప్రాంగణంలో భారత మందిరం నెలకొన్నది.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, భారత పరిశ్రమల సమాఖ్య (సి.ఐ.ఐ.), కిరణ్ నాడార్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ కలిసి ఈ బాధ్యతను నిర్వర్తించాయి. కృతుల ఎంపిక, అమరిక బాధ్యతను కిరణ్ నాడార్ మ్యూజియం డైరెక్టర్ శ్రీమతి రూబినా కరోడ్ క్యూరేటర్‌గా చేపట్టారు. ప్రదర్శనకు ‘అవర్ టైమ్ ఫర్ ఎ ఫ్యూచర్ కేరింగ్’ అని పేరు పెట్టారు. పరస్పర ఆదరణ గల భవిష్యత్తు కోసం వర్తమానం ఏమి చేయాలన్నది దీని ఆంతర్యం.

ఉమ్మడి ప్రదర్శన అనగానే కళాకారులందరూ ఒకచోట కూర్చొని పనిచేశారని భావించరాదు. ఎనిమిది మందిలో నందలాల్ బోస్ (1882–1966), రుమ్మానా హుస్సేన్ (1952–1999), ఎం.ఎఫ్. హుస్సేన్ (1915–2011) అప్పటికే కీర్తిశేషులు. తక్కిన ఐదుగురి కృతులలోనూ ఈ ఉత్సవానికి ఎన్నో ఏళ్ళ ముందే రూపొందినవి ఉన్నాయి. ఇక్కడ సహకారమంటే ఒకరి కృతి పక్కన మరొకరి కృతి నిలిచి, రెండింటికీ కొత్త అర్థం కలగడమే. ఆ పని క్యూరేటర్‌ది. పత్రికలలో ఈ పాత్రకు తగిన ప్రాధాన్యం లభించడం అరుదు.

ప్రదర్శనలోని కృతులన్నింటికీ మూలమని చెప్పదగినవి నందలాల్ బోస్ హరిపుర చిత్రాలు. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపుర గ్రామంలో సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షతన భారత జాతీయ కాంగ్రెస్ మహాసభ జరిగింది. సభాస్థలిని అలంకరించవలసిందిగా గాంధీజీ శాంతినికేతన్ కళాభవన్ ఆచార్యుడైన నందలాల్‌ను కోరారు. అంతకు ముందు 1936లో లక్నో, ఫైజ్‌పూర్ సభల అలంకరణ బాధ్యతను కూడా ఆయనే వహించారు. గ్రామంలో దొరికే వస్తువులతో, గ్రామీణులకు అర్థమయ్యే రీతిలో పని జరగాలన్నది మహాత్ముని అభిమతం. నందలాల్, ఆయన శిష్యులు చేతితో తయారుచేసిన కాగితంపై మట్టి రంగులతో సుమారు 400 చిత్రాలు రూపొందించారు. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, దర్జీ, వంట చేసే ఇల్లాలు, ఎద్దును అదిమి పట్టిన రైతు వీటిలోని పాత్రలు. ఒక్క నాయకుడి బొమ్మ కూడా ప్రధానం కాని ఈ చిత్రాలు మహాసభ పందిళ్ళపైనా, ద్వారాలపైనా దారిన పోయే వారందరికీ కనిపించాయి. గ్యాలరీ గోడ కోసం గీసినవి కావు గనుకనే వీటి గీతలో అంతటి వేగం, నిస్సంకోచం కనిపిస్తాయనుకోవచ్చు.

అధికారులు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద కళానిధులుగా గుర్తింపు పొందిన తొమ్మిది మంది కళాకారులలో నందలాల్ ఒకరు. అటువంటి కృతులను కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప ఇతరులు దేశం వెలుపలికి పంపరాదు. ప్రైవేటు మ్యూజియం ఎంత సమర్థమైనదైనా, ఈ రకం ప్రదర్శనలో ప్రభుత్వ భాగస్వామ్యం తప్పనిసరి కావడానికి ఇది ఒక కారణం.

శ్రీ జితీష్ కల్లాట్ 2012లో రూపొందించిన ‘కవరింగ్ లెటర్’ సందర్శకులు చూసేది మాత్రమే కాదు, దాటి వెళ్ళవలసినది కూడా. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభానికి కొద్ది వారాల ముందు, 1939 జూలై 23న గాంధీజీ హిట్లర్‌కు ఒక చిన్న లేఖ రాశారు. మిత్రమా అని సంబోధిస్తూ, యుద్ధాన్ని నివారించవలసిందని అందులో అభ్యర్థించారు. చీకటి గదిలో పైనుండి తెరవలె జాలువారే పొగమంచుపై ఆ లేఖలోని అక్షరాలు కాంతి రూపంలో కనిపిస్తాయి. సందర్శకుడు ఆ తెరలోనుండి నడిచినప్పుడు అక్షరాలు చెదిరి, మరల కూడుకుంటాయి. లేఖ ఫలించలేదని అందరికీ తెలుసు. ఆ విషయాన్ని కృతి ఎక్కడా చెప్పదు.

కర్ణాటకకు చెందిన శ్రీ జి.ఆర్. ఇరణ్ణ వందలాది పావుకోళ్ళను గోడపై అమర్చారు. వాటికి ఆయా వృత్తుల పనిముట్లను, నిత్యజీవితంలోని వస్తువులను తగిలించడంతో ఒక్కొక్క పావుకోడు ఒక్కొక్క మనిషిని స్ఫురింపజేస్తుంది. మహాత్ముని పాదయాత్రలను గుర్తుచేసే ఈ కృతి పేరు ‘నావు’. వినేవారిని కలుపుకొన్నా, కలుపుకోకపోయినా నేటి కన్నడంలో ఆ మాట ఒక్కటే. తెలుగులో ఆ తేడా చెప్పక తప్పదు. ఇంగ్లీషులో ‘వుయ్ టుగెదర్’ అని వివరణ చేర్చినందువల్ల, తెలుగులో దీనిని ‘మేము’ అని కాక ‘మనం’ అని అనువదించడమే సమంజసం.

జయంతి ప్రదర్శన అయినప్పటికీ దేశం చవిచూసిన గాయాలను కప్పిపుచ్చే ప్రయత్నం ఇందులో జరగలేదు. 2002 గుజరాత్ హింసాకాండ నేపథ్యంలో శ్రీ అతుల్ డోడియా రూపొందించిన ‘బ్రోకెన్ బ్రాంచెస్’లో తొమ్మిది చెక్క అల్మరాలు ఉన్నాయి. పోర్‌బందర్‌లోని గాంధీ స్మారక మ్యూజియం అల్మరాలను పోలిన వీటిలో పాత ఛాయాచిత్రాలు, పనిముట్లు, ఎముకలు, కృత్రిమ అవయవాలు కనిపిస్తాయి. మహాత్ముడు జన్మించిన రాష్ట్రం పేరు ఆయన శాంతి సందేశం పక్కన ఈ విధంగా నిలవడం చూపరులను కలచివేస్తుంది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత రుమ్మానా హుస్సేన్ పగిలిన మట్టికుండలను, అద్దాలను తన కృతులకు ముడిసరుకుగా చేసుకున్నారు. ప్రభుత్వ మందిరంలో ఈ రెండింటికీ స్థానం లభించడం ప్రత్యేకంగా పేర్కొనదగినది.

శ్రీమతి శకుంతలా కులకర్ణి బెత్తంతో అల్లించిన కవచాలు ధరించి నగరంలో తిరుగుతూ ఛాయాచిత్రాలు తీయించుకున్నారు. రక్షణ కోసం తొడుక్కున్నదే స్త్రీకి పంజరంగా మారే స్థితిని అవి చూపుతాయి. శ్రీ ఆషిమ్ పురకాయస్థ గాంధీజీ బొమ్మ గల తపాలా బిళ్ళలపై చిత్రరచన చేశారు. ఎం.ఎఫ్. హుస్సేన్ కుంచె నుండి వెలువడిన గ్రామీణ జీవన చిత్రణ హరిపుర చిత్రాలకు సహజమైన జోడీ.

వెనిస్‌లో 2022, 2024 బియన్నాలేలలో భారత జాతీయ మందిరం ఏర్పాటు కాలేదు. హరిపుర చిత్రాలు న్యూఢిల్లీ, ఇండియా గేట్ సమీపంలోని జైపూర్ హౌస్‌లో గల నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణకు చెందినవి.