చట్టాన్ని ‘మళ్ళీ చేయడం’ అంటే ఏమిటి?

తరగతిలో భూమికి పర్యాయపదాలు అడిగితే పిల్లలు పుడమి, ధరణి, అవని అని చకచకా చెప్పేస్తారు. వాటిలో ఒకటి తీసి మరొకటి పెట్టినా వాక్యం చెడదు. చట్టాల విషయంలో వాడే క్రియలు అలాంటివి కావు. ‘సవరించారు’, ‘రద్దు చేశారు’, ‘కొట్టివేశారు’, ‘మళ్ళీ చేశారు’ అనే మాటలను పత్రికల్లో ఒకదాని బదులు ఒకటి చదువుతుంటాం. వాటి తేడా తెలియకపోతే మన పిల్లవాడి సీటు ఉందో పోయిందో, మన చేతిలోని రసీదు చెల్లుతుందో లేదో కూడా తెలియదు.

ముందుగా ఏ పని ఎవరిదో చూద్దాం. చట్టం చేయడం, సవరించడం, రద్దు చేయడం పార్లమెంటు లేదా శాసనసభ పని. కొట్టివేయడం న్యాయస్థానం పని. సవరించడమంటే ఇల్లు అలాగే ఉంచి గోడ మార్చడం. రద్దు చేసి మళ్ళీ చేయడమంటే పాత ఇల్లు తీసేసి అదే స్థలంలో కొత్తది కట్టడం. ఈ రెండోదాన్నే ‘పునఃశాసనం’ అంటాం. ‘తిరిగి శాసించడం’, ‘మళ్ళీ చట్టం చేయడం’ దీనికి అసలైన పర్యాయపదాలు. ‘సవరించడం’ మాత్రం కాదు.

ఇల్లు మారినంత మాత్రాన పాత బాకీలు పోవు. కేంద్ర చట్టాలకు ఈ సంగతి 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ముందే చెప్పింది. ఒక నిబంధనను రద్దు చేసి, మార్పులతో గానీ మార్పులు లేకుండా గానీ మళ్ళీ శాసిస్తే, ఇతర చట్టాల్లో, పత్రాల్లో పాత నిబంధన పేరు ఉన్నచోట కొత్తదాన్ని చదువుకోవాలని దాని 8వ సెక్షన్ అంటుంది. వేరే ఉద్దేశం కనబడితే తప్ప ఇదే నియమం.

దాతలైన మీకు దగ్గరి ఉదాహరణ ఆదాయపు పన్ను. 1961 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది. అది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. విరాళాలపై మినహాయింపు అనగానే మన నోట వచ్చే ‘80జి’ కొత్త చట్టంలో 133వ సెక్షన్ అయింది. నంబరు మారింది కాబట్టి మినహాయింపు పోయిందని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. ఆ తేదీకి ముందు ఇచ్చిన విరాళాల లెక్క పాత చట్టం ప్రకారమే నడుస్తుంది.

ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులకు వెళ్లినా ఇదే కనిపిస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసగాణ్ణి మనం ఇంకా ‘ఫోర్ ట్వంటీ’ అంటున్నాం గానీ, ఆ నేరం ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. అయినా ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది.

‘తిరిగి జారీ చేయడం’ వేరే సంగతి. శాసనసభ సమావేశంలో లేనప్పుడు గవర్నరు ఆర్డినెన్సు ఇవ్వవచ్చు. సభ మళ్ళీ కూడిన ఆరు వారాలకు దాని ఆయువు తీరుతుంది. బీహారులో 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులు తెచ్చారు. వాటిలో చాలావాటిని సభ ముందు పెట్టకుండా మళ్ళీ మళ్ళీ జారీ చేశారు. కొన్ని పదేళ్లకు పైగా అలాగే బతికాయి. ఇది రాజ్యాంగాన్ని మోసగించడమేనని 1986లో వాధ్వా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ మళ్ళీ మళ్ళీ జరిగింది జారీ మాత్రమే. చట్టం జరగలేదు.

ఇక మన పిల్లల జీవితాలతో ముడిపడిన ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేశారు. అదీ నిలవలేదు. వెనుకబాటును ఏ కొలతతో తేల్చారన్నది న్యాయస్థానం అడిగిన ప్రశ్న. అందుకే 2007లో అదే మాటలను తిరగరాయలేదు. బీసీ కమిషన్ నివేదిక తీసుకుని, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను పేర్లతో గుర్తించి, బీసీ-ఈ కింద 4 శాతంగా చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో, చట్టంలో పేర్కొన్న 14 వర్గాలకు రిజర్వేషన్ కొనసాగనిచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వచ్చే మన పిల్లల చేతుల్లోని బీసీ-ఈ సర్టిఫికెట్ వెనక ఇంత కథ ఉంది.

దీన్నిబట్టి ఒక సూత్రం గ్రహించాలి. చట్టసభ తానే రద్దు చేసినదాన్ని మళ్ళీ చేసేటప్పుడు పాత హక్కులు, పాత బాధ్యతలు ఏమవుతాయో చూడాలి. న్యాయస్థానం కొట్టివేసినదాన్ని మళ్ళీ చేసేటప్పుడు ఆ లోపం సరిదిద్దారో లేదో చూడాలి. లోపం అలాగే ఉంటే, ఎన్నిసార్లు చేసినా ఆ చట్టానికి అదే గతి పట్టే ప్రమాదముంది.

కాబట్టి ‘మళ్ళీ చట్టం తెచ్చారు’ అన్న వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోమని మా మనవి. పాతదాన్ని తీసేసింది సభా, కోర్టా? కొత్తది ఏ తేదీ నుంచి అమలు? పాతదాని కింద వచ్చిన హక్కుల గురించి చివరి సెక్షన్లలో ఏం రాశారు? కొత్త చట్టాల్లో ‘రద్దు, మినహాయింపులు’ అనే సెక్షన్ సాధారణంగా చిట్టచివర ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదవరు. పిల్లల సర్టిఫికెట్లు, మీ రసీదులు జాగ్రత్తగా దాచండి. వాటిపై ఉన్న తేదీయే రేపు ఏ చట్టం వర్తిస్తుందో చెబుతుంది.