ప్రసవ పటకారు

మధ్యయుగ ఐరోపాలో కాన్పులు మంత్రసానుల చేతుల్లో ఉండేవని మీరు చదివారు. బిడ్డ తల ఇరుక్కుపోతే మాత్రం శస్త్రవైద్యుణ్ణి పిలిచేవారు. అతడు తల్లిని బతికించడానికి కొక్కేలతో బిడ్డను ముక్కలుగా తీసేవాడు.

17వ శతాబ్దంలో ఇంగ్లండులోని ఛాంబర్లెన్ కుటుంబం వాడిన పటకారుతో బిడ్డను ప్రాణాలతో బయటికి తీసే వీలు కలిగింది. మామూలు పటకారును లోపల తెరవడానికి చోటు చాలదు కదా! అందువల్ల దాని రెండు రెక్కలను విడివిడిగా చేశారు. తల ఆకారానికి తగిన వంపు గల ఆ రెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తలకు చెరోపక్క చేర్చి, పిడుల దగ్గర కలిపి బిగించేవారు.

రాణులకు కాన్పులు చేసిన ఈ కుటుంబమే తరతరాలుగా దీన్ని రహస్యంగా ఉంచిందని గమనించండి. 1733లో ఎడ్మండ్ చాప్‌మన్ పటకారు గురించి అచ్చులో రాశాడు. ఛాంబర్లెన్ల పరికరాలు 1813లో ఎసెక్స్‌లోని వారి పాత ఇంట్లో, నేలపలకల కింద దొరికాయి.