సరంగు సోమన్న ఊరెందుకు వదిలాడు?

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో శనివారం సాయంత్రమైతే పాచికల చప్పుడు వినిపిస్తుంది. మా అబ్బాయి, వాడి స్నేహితులు నలుగురు బల్ల చుట్టూ చేరి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతుంటారు. రెండేళ్లుగా నా పని పిజ్జా తెచ్చి మెట్ల మీద పెట్టి రావడం వరకే. మొన్న చలికాలంలో ఒక పిల్లాడి కుటుంబం టెక్సస్ వెళ్లిపోయింది. బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది.

‘‘నాన్నా, నువ్వు కూర్చుంటావా?’’ అన్నాడు మావాడు. పద్నాలుగేళ్ల కొడుకు తన స్నేహితుల మధ్యకు తండ్రిని పిలవడం ఎంత అరుదో ఆ ఈడు పిల్లలున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వెంటనే సరేనన్నాను. ‘‘అయితే ముందు నీ క్యారెక్టర్ తయారు చేసుకో’’ అన్నాడు.

ఏమిటీ ఆట?

దీన్ని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో తెచ్చారు. అచ్చయింది మన పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో. వైకుంఠపాళిలా గళ్లు, పాములు, నిచ్చెనలు ఉండవు. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర ధరిస్తారు. ‘నీ ముందు నది ఉంది, వంతెన కూలిపోయింది, ఏం చేస్తావు?’ అని సూత్రధారి అడుగుతాడు. ఈదుతానంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి. వచ్చిన అంకెకు మన పాత్ర బలాన్ని బట్టి కొంత కలుపుతారు, లేదా తీసేస్తారు. మొత్తం సరిపోతే ఒడ్డున పడతాం. లేకపోతే అక్కడి నుంచి కథ మరో దారి పడుతుంది.

మిషిగన్‌లో ఈ ఆటకు ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1979 ఆగస్టులో ఇక్కడికి గంట దూరంలో ఉన్న ఈస్ట్ లాన్సింగ్‌లో, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న పదహారేళ్ల కుర్రాడు కనిపించకుండా పోయాడు. క్యాంపస్ కింద ఉన్న సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయాడని పత్రికలు రాశాయి. దేశమంతా తల్లిదండ్రులు హడలిపోయారు. తర్వాత తెలిసింది వేరు. చిన్న వయసులోనే పెద్ద చదువు, ఇంటి నుంచి ఒత్తిడి, ఒంటరితనం ఆ పిల్లాణ్ని కుంగదీశాయి. పాచికల తప్పేమీ లేదు. ఎనిమిదో తరగతి నుంచే కాలేజీ లెక్కలు వేసే మన ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఆరు అంకెలు

పాత్ర తయారీ ఆరు గుణాలతో మొదలవుతుంది. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. తెలివికీ వివేకానికీ తేడా ఏమిటని అడిగాను. మావాడు చెప్పింది నేను మా ఊరి లెక్కలో అర్థం చేసుకున్నాను. కృష్ణకు వరద ఎన్ని అడుగులు వస్తుందో లెక్కగట్టడం తెలివి. ముందు రోజే గొడ్లను గట్టుకు తోలుకుపోవడం వివేకం.

ఈ అంకెల కోసం మామూలు పాచికలు నాలుగు వేసి, తక్కువదాన్ని వదిలేసి, మిగతా మూడూ కూడొచ్చు. సగటున పన్నెండు పైచిలుకు వస్తుంది. అదృష్టం మీద నమ్మకం లేనివాళ్లకు సిద్ధంగా ఒక వరుస ఉంది. 15, 14, 13, 12, 10, 8. ఏది ఎక్కడ పెట్టాలన్నది మన ఇష్టం. ఆ ఎనిమిది మాత్రం ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు.

నేను ఆటో కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే మనిషిని. ఎక్సెల్ తెరిచాను. మంత్రగాడి వృత్తి తీసుకుని తెలివికి పదిహేను, ఆకర్షణకు ఎనిమిది పెట్టాను. పేరు కోసం ఇంటర్నెట్ వెతికి ఆల్డ్రిన్ అని రాశాను. గంటలో పని ముగించి గర్వంగా చూపించాను. మావాడు కాగితం తిప్పి చూశాడు.

‘‘వెనకవైపు ఖాళీగా ఉంది నాన్నా. ఇతను ఊరెందుకు వదిలాడు?’’

‘మంచి అవకాశాల కోసం’ అని రాసిచ్చాను.

‘‘ఇది లింక్డిన్‌లో రాసేది. నిజంగా ఎందుకు వదిలాడు?’’

వెనకవైపు

2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ప్రతి పాత్రకూ ఒక గతం ఉండాలి. దానితో పాటు ఒక స్వభావం, ఒక ఆదర్శం, ఒక అనుబంధం, ఒక లోపం రాయాలి. ఆటలో దెబ్బ కొట్టడానికి ఇవేవీ పనికిరావని మొదట అనుకున్నాను. సూత్రధారి కథ అల్లేది వీటితోనే.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక కిచెన్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఆల్డ్రిన్ పేరు కొట్టేశాను. మా ఊరు అవనిగడ్డ దగ్గర. చిన్నప్పుడు చూసిన పడవలు గుర్తొచ్చాయి. సరంగు సోమన్న అని రాశాను. వృత్తి మంత్రగాడే, గతం మాత్రం పడవ నడిపినవాడు. అప్పు తీర్చడానికి ఊరు వదిలాడు. రెండేళ్లలో వస్తానన్నాడు. అప్పు తీరింది. ఆ తర్వాత ఎందుకు వెళ్లలేదో రాయడానికి పెన్ను కదల్లేదు. లోపం అన్నచోట చాలాసేపు ఆగి ఒక వాక్యం రాశాను. ‘ఎప్పుడొచ్చేస్తావని ఇంటివాళ్లు అడిగితే, వచ్చే ఏడాది అంటాడు.’

పొద్దున్నే మావాడు సీరియల్ తింటూ చదివాడు. ‘‘ఇది నువ్వు నానమ్మతో ఫోన్‌లో చెప్పేదే కదా’’ అన్నాడు. వాడిలో కోపం లేదు, ఎగతాళి లేదు. తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్లాడు. ఆదివారం ఫోన్లు వాడి చెవిన పడవనే అనుకుంటూ వచ్చాను. 2003లో ఎమ్మెస్‌కు వచ్చిన నేను ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటానో నాకే లెక్క లేదు.

పదిహేడు పడింది

శనివారం నా వంతు వచ్చింది. మావాడే సూత్రధారి. రేవు దగ్గర ఒక ముసలమ్మ సోమన్నను గుర్తుపట్టింది. ‘‘ఎప్పుడొస్తావు నాయనా?’’ అని అడిగింది. ఆ ఒక్క ముక్క మాత్రం వాడు తెలుగులో అన్నాడు. మిగతా పిల్లలు నా వైపు చూస్తున్నారు.

‘‘వచ్చే ఏడాది’’ అన్నాను.

‘‘అబద్ధమేనా? అయితే డైస్ వెయ్యి.’’

పదిహేడు పడింది. ఆకర్షణ ఎనిమిది కాబట్టి ఒకటి పోయి పదహారు. ముసలమ్మ తరఫున, ఆమె వివేకానికి, మావాడు తెర వెనక పాచిక వేశాడు. తొమ్మిది. ‘‘నమ్మింది’’ అన్నాడు. పిల్లలంతా హోరెత్తించారు. ఆ సాయంత్రం నేను గెలిచిన పందెం అదొక్కటే. అప్పటి నుంచి పిజ్జా సహించలేదు.

మర్నాడు అమ్మకు ఫోన్ చేశాను. ‘‘వచ్చేయడం ఇప్పట్లో కుదరదమ్మా. వీడి హైస్కూల్ అయ్యేదాకా, ఆ తర్వాత కూడా చెప్పలేను’’ అన్నాను. అవతల కాసేపు మాటల్లేవు. ఎప్పుడూ నేను ముందు మాట్లాడి ఆ ఖాళీ నింపేవాణ్ని. ఈసారి ఆగాను.

‘‘మరి మేడ మీద గదికి ఈ ఏడు సున్నం వేయించొద్దంటావా?’’ అంది.

ఆ గదికి ఏటా సున్నం వేయిస్తోందని నాకు ఆరోజే తెలిసింది.

‘‘వేయించమ్మా. డిసెంబర్‌లో మూడు వారాలు వస్తాం. టికెట్లు కొన్నాకే చెబుతున్నా’’ అన్నాను.

మీ పిల్లలు ఈ ఆట ఆడుతుంటే ఒక్కసారి వాళ్ల పాత్ర కాగితం అడిగి చూడండి. పుస్తకాలు కొనక్కర్లేదు, ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. ముందువైపు అంకెలు పిల్లలే చూసుకుంటారు. వెనకవైపు ఏం రాశారో చదవండి. వాళ్లు మిమ్మల్ని ఆడమంటే, మీ వెనకవైపు కూడా నింపండి. సోమన్న ఇంకా ఆటలోనే ఉన్నాడు. డిసెంబర్‌లో మూడు వారాలు రాలేడని సూత్రధారికి ముందే చెప్పాను. సూత్రధారి కూడా మాతోనే వస్తున్నాడు. పాచికల సంచీ తన బ్యాగులో పెడతానంటున్నాడు, నానమ్మకు ఒక క్యారెక్టర్ తయారు చేయాలట.