పిల్లల వార్డులో యాంటీబయాటిక్ ఎవరికి? ఎందుకు?

"పక్క మంచం బాబుకు రోజూ ఇంజక్షన్లు చేస్తున్నారు, మా పాపకు ఎందుకు చేయరండీ?" పిల్లల వార్డులో తల్లులు తరచు అడిగే ప్రశ్న ఇది. అడగడం న్యాయమే.

యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా క్రిముల మీదే పనిచేస్తాయి, వైరస్‌ను ఏమీ చేయలేవు. ఏడాదిలోపు పిల్లలకు పిల్లికూతలతో వచ్చే ఆయాసం చాలావరకు వైరస్ వల్లనే. ఆ బిడ్డకు కావలసింది అవసరమైతే ఆక్సిజన్, కొంచెం కొంచెంగా పాలు. నీళ్ళ విరేచనాలకు ఓ.ఆర్.ఎస్., 14 రోజుల జింకు ముఖ్యం. రక్తం పడితే సంగతి వేరు.

రెండు నెలల లోపు పసికందు విషయంలో మాత్రం ఆగడానికి వీల్లేదు. పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం వచ్చినా, మందకొడిగా ఉన్నా అది రక్తంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రక్తం కల్చర్‌కు పంపి, రిపోర్టు కోసం చూడకుండా ఆంపిసిలిన్, జెంటామైసిన్ వంటి ఇంజక్షన్లు మొదలుపెడతారు. సుమారు రెండు రోజులకు ఫలితం తెలుస్తుంది. క్రిమి కనబడక, బిడ్డ బాగుంటే మందు ఆపేస్తారు. "కోర్సు మధ్యలో ఆపకూడదన్నారు గదా!" అని కొందరు కంగారు పడతారు. మనంతట మనం ఇంట్లో ఆపడం వేరు, పరీక్షలు చూసి డాక్టరుగారు ఆపడం వేరు.

ఇక న్యుమోనియా. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. 2 నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి అయిదేళ్ళ లోపు 40, అంతకు మించినా వెంటనే తీసుకురండి. తీవ్రం కాని న్యుమోనియాకు నోటితో ఇచ్చే అమాక్సిసిలిన్ చాలు. ఖరీదైన ఇంజక్షనే బలమైనదన్న నమ్మకం మనవాళ్ళలో గట్టిగా ఉంది, అది పొరపాటు. మన దేశపు వార్డుల్లో విరివిగా రాసే సెఫ్ట్రియాక్సోన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో జాగ్రత్తగా వాడవలసిన మందుల జాబితాలో చేర్చింది.

కారణం ఉంది. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో నవజాత శిశువులపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. ఆ పసికందుల రక్తంలో ఎక్కువగా దొరికిన అసినెటోబాక్టర్ క్రిముల్లో 82 శాతం అనేక రకాల మందులకు లొంగనివే. అలాంటి బిడ్డకు ఇవ్వడానికి డాక్టరు చేతిలో మిగిలే మందులు ఒకటో రెండో.

బిడ్డను ఆసుపత్రికి తెచ్చేటప్పుడు అంతకుముందు బయట వాడిన సిరప్ సీసాలు, మందుల చీటీలు తప్పక తీసుకురండి. మందుల షాపులో అడిగి కొన్నవైనా సరే, దాచకండి. ముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో క్రిమి దొరకకపోవచ్చు. ఆ సంగతి తెలియకపోతే డాక్టరుగారు రిపోర్టును మరోలా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.